బడి దొరికింది, టీచర్ రావడానికి రెండేళ్లు పట్టింది

మా చిన్నోడికి బుద్ధిమాంద్యత ఉంది. నడక, మాట రెండూ ఆలస్యంగా వచ్చాయి. మాది ఉమ్మడి వరంగల్ జిల్లాలో మండల కేంద్రానికి దగ్గర్లో ఉన్న చిన్న ఊరు. ఆయన వ్యవసాయం చేస్తారు, నేను ఇంట్లో మిషన్ కుడతాను. ఇట్లాంటి పిల్లలున్న తల్లులు ఎవరో ఒకరు నా నంబర్ పట్టుకుని ఫోన్ చేస్తూనే ఉంటారు. "అక్కా, ముందు ఎక్కడికి పోవాలె, ఏం కాయితాలు కావాలె" అని అడుగుతారు. ఒక్కొక్కరికీ ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు, మేం దాటొచ్చిన దారంతా ఒక్కచోట రాస్తున్నాను.

2022 జూన్‌లో వాడికి ఆరో ఏడు నడుస్తోంది. అంగన్‌వాడీలో టీచరమ్మ బాగా చూసుకుంది, ఇక బడిలో వేయాలి. మా పాప అప్పటికే మండల కేంద్రంలో ఒక ప్రైవేటు బడికి వెళ్తోంది. అదే బస్సులో తమ్ముడూ పోతాడు కదా అని అక్కడే అడిగాం. ఆఫీసు రూములో కూర్చోబెట్టి, మర్యాదగానే చెప్పారు. "పాపను చదివిస్తం గానీ బాబును తీసుకోలేమమ్మా, మిగతా పేరెంట్స్ ఒప్పుకోరు. ఇట్లాంటి పిల్లలకు వేరే స్కూళ్లుంటయ్ గదా, హైదరాబాద్‌ల చూడండి." హైదరాబాద్‌లో ఆరేళ్ల పిల్లాడిని వదిలి నేనెట్లా ఉంటాను? వాడైనా నన్ను విడిచి ఎట్లా ఉంటాడు?

వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. పాత 1995 చట్టం కింద ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, కొత్త దానిలో 21 చేశారు. ప్రభుత్వం డబ్బిచ్చే బడి అయినా, ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడి అయినా వైకల్యం పేరు చెప్పి పిల్లల్ని కాదనకూడదని 16వ సెక్షన్ చెప్తుంది. 31వ సెక్షన్ ఇంకో అడుగు ముందుకు వేసింది. 40 శాతం, అంతకు పైన వైకల్యం ఉన్న పిల్లలకు ఆరేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల దాకా, దగ్గర్లోని మామూలు బడిలో గానీ, కోరుకుంటే ప్రత్యేక పాఠశాలలో గానీ ఉచితంగా చదువుకునే హక్కుంది. అంటే ఏ బడి అనేది తేల్చుకోవాల్సింది పిల్లాడూ వాడి తల్లిదండ్రులూ. "వేరే స్కూల్లో వేసుకోండి" అనే అధికారం గుర్తింపున్న ఏ బడికీ లేదు. ఈ రెండు సెక్షన్లూ ఒక కాయితం మీద రాసుకుని బ్యాగులో పెట్టుకోండని అడిగిన ప్రతి తల్లికీ చెప్తున్నాను.

ఊళ్లో సర్కారు బడికి వెళ్తే హెచ్ఎం సారు అడ్మిషన్ రిజిస్టర్ తీసి వెంటనే పేరు రాసుకున్నారు. రాశాక పెన్ను పక్కన పెట్టి, "ఒక్క మాట చెప్తనమ్మా, ఏమనుకోకు. ఐదు తరగతులకు మేం ఇద్దరం. పిల్లగాణ్ని ప్రేమగ చూస్కుంటం. చదువు ఎట్ల చెప్పాల్నో మాకు ట్రైనింగ్ లేదు" అన్నారు. ఆ మాటకు నాకు కోపం రాలేదు. వాడి విషయంలో ఉన్నదున్నట్టు మాట్లాడిన మొదటి మనిషి ఆయనే.

మొదటి ఏడాది సారు చెప్పినట్టే నడిచింది. పిల్లలు వాడిని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లేవాళ్లు, మధ్యాహ్నం భోజనానికి పక్కన కూర్చోబెట్టుకునేవాళ్లు. చదువు దగ్గరికొచ్చేసరికి వాడిది వెనక వరుస, చేతిలో పలక. ఆ ఏడాదే ఆగస్టులో తొలిమెట్టు మొదలైంది. ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలందరికీ చదవడం, రాయడం, లెక్కలు వచ్చేలా చేయాలన్న కార్యక్రమం అది. ఏ పిల్లాడు ఏ స్థాయిలో ఉన్నాడో నెలనెలా నమోదు చేయాలి. మా వాడి వరుసలో ఏం రాయాలో టీచరుకు తెలిసేది కాదు. అక్షరం గుర్తుపట్టని పిల్లాడు ఈ నెల చెప్పు ఎడమ కాలిదేదో, కుడి కాలిదేదో చూసి తొడుక్కోవడం నేర్చాడంటే, దాన్ని రాయడానికి ఆ పట్టికలో గడి లేదు.

ఆ చలికాలంలో క్లస్టర్ (దగ్గరి బడుల గుంపు) నుంచి సీఆర్‌పీ, అంటే ఆ బడులన్నీ చూసుకునే సారు వచ్చి, బడి పిల్లల వివరాలు ఎక్కించే యూడైస్‌లో మా వాడి పేరు పక్కన ప్రత్యేక అవసరాల పిల్లాడని ఎక్కించారు. చూడ్డానికి అది కంప్యూటర్‌లో ఒక గడి నింపడమే. కానీ మిగతావన్నీ ఆ గడి మీదే ఆధారపడి ఉన్నాయి. సమగ్ర శిక్ష అనే బడుల పథకం కింద ఇట్లాంటి పిల్లలకు తలకు ఏడాదికి 3,500 రూపాయల లెక్కన కేటాయింపు ఉంటుంది. ఉపకరణాలు, బోధన సామగ్రి, రవాణా భత్యం, తోడు వచ్చేవారికి ఇచ్చే ఎస్కార్ట్ భత్యం అన్నీ అందులోంచే. ఆడపిల్లలకైతే నెలకు 200 చొప్పున పది నెలల స్టైపెండ్ కూడా ఉంది. ఈ డబ్బులో కేంద్రానిది 60 పాళ్లు, రాష్ట్రానిది 40. యూడైస్‌లో లేని పిల్లాడు ఈ లెక్కలోకే రాడు. మీ పిల్లల పేరు ఆ గడిలో ఉందో లేదో హెచ్ఎం గారిని అడిగి, స్క్రీన్ మీద మీ కళ్లతో చూడండి.

తర్వాత సదరం సర్టిఫికెట్, అంటే వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు తేల్చి ఇచ్చే కాయితం. అప్పట్లో మీసేవలో స్లాట్ దొరికితేనే క్యాంపు. స్లాట్లు తెరిచిన కాసేపట్లోనే నిండిపోయేవి. మీసేవ అబ్బాయి మా ఊరివాడే కాబట్టి, తెరవగానే ఫోన్ చేయమని చెప్పి పెట్టుకున్నాను. 2025 నుంచి ఈ దరఖాస్తులు యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు కార్డు) పోర్టల్‌లోకి మారాయి, కార్డు దేశమంతా చెల్లుతుంది. పద్ధతి మారినా, డాక్టర్ ముందు జరిగే పరీక్ష మాత్రం అదే.

పరీక్ష గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఏం చేస్తారో తెలియక చాలామంది తల్లులు భయపడతారు. క్యాంపు రోజు ఆస్పత్రి వరండా నిండా జనం. చెవులు వినపడనివాళ్లు, కాళ్లు లేనివాళ్లు, ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు, అందరికీ అదొక్కటే వరస. మధ్యాహ్నం దాటాక మా టోకెన్ పిలిచారు. సైకాలజిస్టు మేడం బల్ల మీద చెక్క పలక ఒకటి పెట్టింది. అందులో గుండ్రం, చతురస్రం, నక్షత్రం, శిలువ లాంటి ఆకారాల్లో గుంతలు, పక్కన వాటికి సరిపోయే చెక్క ముక్కలు. గడియారం చూసుకుని, "ఏదెక్కడ పడతదో పెట్టు నాన్నా" అంది. వాడు గుండ్రాన్ని వెంటనే పెట్టేశాడు. నక్షత్రాన్ని చేతిలో తిప్పి తిప్పి చూసి, నాకు ఇవ్వబోయాడు. నేను చెయ్యి చాపకుండా కూర్చోవాల్సి వచ్చింది. తల్లి సాయం చేయకూడదని ముందే చెప్పారు.

తర్వాత ప్రశ్నలు నాకు. తన అన్నం తనే తింటాడా? చొక్కా బొత్తాలు పెట్టుకుంటాడా? బాత్రూంకు వెళ్లాలని చెప్తాడా? పక్కింటికి ఒంటరిగా వెళ్లి వస్తాడా? పైసలిస్తే దుకాణంలో ఏదైనా తెస్తాడా? ఇక్కడ మీరు ఉన్నదున్నట్టే చెప్పాలి. శాతం ఎక్కువ రావాలని పక్కవాళ్లు ఏవేవో చెప్పి పంపుతారు, వినకండి. నాకు ఇంకో బాధ కూడా తెలుసు. పిల్లాడికి రాదు అని పరాయి మనిషి ముందు ఒప్పుకోవడానికి మనసు రాక, రానివి కూడా వస్తాయని చెప్పే తల్లులున్నారు. ఆ జవాబుల మీదే వాడికి ఏం కావాలో తేలుతుంది కాబట్టి, రెండు వైపులా తప్పు చెప్పకూడదు. మా వాడికి 75 శాతం అని వచ్చింది, ఓ మోస్తరు బుద్ధిమాంద్యత. సర్టిఫికెట్ తాత్కాలికమే, గడువు దాటాక మళ్లీ చూపించాలి. తేదీ మర్చిపోకుండా జిరాక్స్ మీద పెద్దక్షరాలతో రాసి బీరువాకు అంటించాను.

సర్టిఫికెట్ వచ్చాక పెన్షన్‌కు పెట్టాం. ఆసరా కింద దివ్యాంగుల పెన్షన్ 2023లో 4,016 రూపాయలు అయింది. మాది ఇంకా మంజూరు కాలేదు. దాంతో పాటు నిరామయ ఆరోగ్య బీమా కూడా ఉంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యత, బహుళ వైకల్యాలు ఉన్నవారికి నేషనల్ ట్రస్ట్ ద్వారా ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్య ఖర్చులు వస్తాయి. స్పీచ్ థెరపీ, ఫిజియోథెరపీ ఖర్చులకు కూడా పరిమితి మేరకు వర్తిస్తుంది. దీని సంగతి మన పల్లెల్లో చెప్పేవాళ్లు తక్కువ.

2023 వేసవి సెలవుల తర్వాత వాడిని భవిత కేంద్రానికి, అంటే ఇట్లాంటి పిల్లలకు శిక్షణ ఇచ్చే సర్కారు కేంద్రానికి, తీసుకెళ్లడం మొదలుపెట్టాం. మండల వనరుల కేంద్రం ఆవరణలో రెండు గదులు. ప్రతి మండలంలో ఇద్దరు ఐఈఆర్‌పీలు, అంటే ప్రత్యేక అవసరాల పిల్లలకు చదువు చెప్పేవాళ్లు, ఉండాలంటారు, మా దగ్గర ఉన్నారు కూడా. వారానికి ఒకరోజు ఫిజియోథెరపిస్టు వస్తారు. ఐఈఆర్‌పీల్లో ఒక మేడం మొదటి రోజే వాడికి వ్యక్తిగత విద్యా ప్రణాళిక రాసింది. అందులో అ, ఆలు లేవు. మూడు నెలల్లో పెద్ద బొత్తాలు తనే పెట్టుకోవాలి, ఐదు దాకా వస్తువులు లెక్కపెట్టాలి, దాహమేస్తే మాటతో అడగాలి, అంతే. అది చదివి నాకు ప్రాణం లేచొచ్చింది. నా పిల్లాడు చేయగలిగిన పనిని ఒక సర్కారు కాయితం మీద చూడటం అదే మొదలు.

బొత్తాల పని నా చేతిలోనిదే కదా. ఇంట్లో మందపాటి కాటన్ గుడ్డ తీసుకుని, ఒక వైపు కోటుకు వేసే పెద్ద బొత్తాలు, ఇంకో వైపు కాజాలు కాస్త వదులుగా కుట్టాను. రోజూ సాయంత్రం ఆ గుడ్డ వాడి ఒళ్లో. ముందు బొత్తాన్ని కాజాలోంచి లాగడం ఒక్కటే వాడి పని, దూర్చడం నాది. లాగడం వచ్చాక దూర్చడం నేర్పించాను. కొంతకాలానికి బొత్తాలు చిన్నవి చేసి, కాజాలు బిగించాను. మేడం ఆ గుడ్డ చూసి ఇంకో నాలుగు కుట్టిమ్మంటే కుట్టిచ్చాను. ఇప్పుడు అవి కేంద్రంలో వేరే పిల్లల చేతుల్లో ఉన్నాయి.

రానుపోను ఆటో ఖర్చు, ఆ పూట నా మిషన్ పని ఆగడం మాత్రం చిన్న విషయాలు కావు. రవాణా, ఎస్కార్ట్ భత్యాలు ఉన్నాయి గానీ ఖాతాకు ఆధార్ లింకు కాలేదని ఒకసారి, పై నుంచి నిధులు విడుదల కాలేదని ఒకసారి ఆగిపోయేవి. ఆటో అతను ఏ రోజు పైసలు ఆ రోజే అడుగుతాడు, భత్యమేమో విద్యాసంవత్సరం చివర్లో పడుతుంది. అంతదాకా చేతిలోంచి పెట్టుకోలేని తల్లులు పిల్లాడిని కేంద్రానికి తీసుకురావడం మానేస్తారు. అట్లా మానేసినవాళ్లు మా కేంద్రంలోనే ఉన్నారు. పేదవాళ్ల కోసం పెట్టిన భత్యం నెలనెలా పడకపోతే, అది అందరికంటే పేదవాళ్లకే అందకుండా పోతుంది.

ఆ ఇద్దరు ఐఈఆర్‌పీల పని గురించి కూడా చెప్పాలి. మండలంలోని అన్ని బడులూ వాళ్లే తిరగాలి. కేంద్రం నడపాలి. మంచం దిగలేని పిల్లల ఇళ్లకు వెళ్లి చదువు చెప్పాలి. క్యాంపులు పెట్టాలి, రిపోర్టులు పంపాలి. మా బడికి మేడం వచ్చేది ఎప్పుడో ఒకసారి. ఇంత చేసీ వాళ్లు కాంట్రాక్టు ఉద్యోగులే. 2024 డిసెంబరులో సమగ్ర శిక్ష ఉద్యోగులంతా రెగ్యులరైజ్ చేయాలని సమ్మెకు దిగారు. కస్తూర్బా బడుల టీచర్లు, సీఆర్‌పీలు, కంప్యూటర్ ఆపరేటర్లు, వీళ్లూ అందరూ శిబిరాల్లో కూర్చున్నారు. భవిత కేంద్రానికి తాళం పడింది. సంక్రాంతి దగ్గరపడేదాకా సమ్మె సాగింది. నేను మా పాపను వెంటబెట్టుకుని శిబిరానికి వెళ్లి మేడం పక్కన కూర్చుని వచ్చాను. ఆమె అడిగింది న్యాయమే. కానీ మా వాడికి అప్పుడప్పుడే పలుకుతున్న నాలుగు మాటల్లో రెండు ఆ వారాల్లోనే ఆగిపోయాయి. ఇట్లాంటి పిల్లలకు విరామం వస్తే నేర్చుకున్నది నిలవదు, మళ్లీ మొదటి నుంచి రావాలి.

మా వాడిని ఆ నెలలో పూర్తిగా జారిపోకుండా ఆపింది ఇంకొకావిడ. తెలంగాణ డీఎస్సీ-2024లో మొత్తం 11,062 పోస్టులు. అందులో ప్రత్యేక విద్యకు ఎస్జీటీలు (ప్రైమరీ టీచర్లు) 796, స్కూల్ అసిస్టెంట్లు (హైస్కూలు టీచర్లు) 220. ఆ అక్టోబరులో నియామక పత్రాలు తీసుకున్నవాళ్లలో ఒక టీచర్ మా చుట్టుపక్కల బడుల కాంప్లెక్స్‌కు వచ్చింది, వారంలో ఎక్కువ రోజులు మా బడిలోనే ఉంటుంది. ఈ పోస్టులు ఊరికే రాలేదు. ప్రైమరీలో ఇట్లాంటి పిల్లలు పది మందికి ఒక ప్రత్యేక టీచర్, ఆ పై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు ఉండాలని 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. రాష్ట్రాలు కదలకపోవడంతో, మంజూరు చేసిన పోస్టులు ప్రకటించి భర్తీ చేయండని 2025 మార్చిలో మళ్లీ గట్టిగా ఆదేశించింది. మా ఆడబిడ్డ వాళ్లది గుంటూరు వైపు, వాళ్ల పాపకు ఆటిజం. ఆ మరుసటి నెల ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2,260 ప్రత్యేక ఉపాధ్యాయ పోస్టులు మంజూరు చేసిందని పేపర్లో చూసి, పొద్దున్నే ఫోన్ చేసింది. "వదినా, మా బడికీ వస్తారంటావా?" అని అడిగింది. మండల విద్యాధికారికి ఇప్పుడే అర్జీ పెట్టు, ఏ బడిలో ఎంతమంది పిల్లలున్నారో లెక్క వాళ్ల చేతిలో ఉండాలి అని చెప్పాను.

కొత్త టీచర్ వచ్చాక ఏం మారిందో చెప్తాను. మొదటి వారం ఆమె ఏమీ నేర్పలేదు, వెనక బెంచీ దగ్గర కూర్చుని వాడిని చూసింది. తర్వాత గోడ మీద వాడి కంటి ఎత్తులో ఒక వరుసలో బొమ్మలు అంటించింది. ప్రార్థన, తెలుగు, లెక్కలు, చెయ్యి కడుక్కోవడం, అన్నం, ఆట, ఇల్లు. ఒక్కో పని అవగానే వాడే వెళ్లి ఆ బొమ్మను తిప్పి పెట్టాలి. గంట కొట్టగానే గందరగోళపడి ఏడ్చే పిల్లాడు, తర్వాత ఏమొస్తుందో తెలిసేసరికి కుదురుకున్నాడు. లెక్కలు మధ్యాహ్న భోజనం పళ్లాలతో మొదలయ్యాయి. వాడి వరుసలో ఎంతమంది ఉన్నారో అన్ని పళ్లాలు వాడే తెచ్చి పెట్టాలి. ఒకటి తక్కువ పడితే పళ్లెం లేని పిల్లాడు చేయెత్తుతాడు, వీడు మళ్లీ వెళ్లి తెస్తాడు. ఐదు దాటి ఎనిమిది దాకా వచ్చింది అట్లాగే.

హెచ్ఎం సారు కూడా ఊపిరి తీసుకున్నారు. తరగతిలో పాఠం చెప్తూ మా వాడికి ఏం పని ఇవ్వాలో ఆ టీచర్ ముందురోజే ఆయనకు రాసి ఇస్తుంది. తొలిమెట్టు పట్టికలో గడి లేనివాటికి ఆమె విడిగా ఒక నోట్‌బుక్ పెట్టింది. ప్రభుత్వ టీచర్ కాబట్టి సమ్మె రోజుల్లోనూ ఆమె బడి ఆగలేదు. భవిత మేడం ప్రణాళికను ఫోన్‌లో అడిగి తెలుసుకుని, తానే కొనసాగించింది. ఇద్దరి చదువూ ఒకటే, ఇద్దరికీ ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) గుర్తింపు ఉంది, చేసేదీ ఒకే రకం పని. ఒకరిది పక్కా పోస్టు, ఇంకొకరిది ఏడాదికేడాది పొడిగింపు. ఆ తేడా చివరికి పిల్లాడి నోట్లో మాట మీద పడుతోందని నేను కళ్లారా చూశాను. ఉన్న ఐఈఆర్‌పీలను పర్మినెంట్ చేయడమూ, పది మంది పిల్లలకు ఒక టీచర్ లెక్కన పోస్టులు నింపడమూ రెండూ కావాలి. ఒకటి చూపించి రెండోది ఆపకూడదు.

డబ్బు ఎక్కడిదని అడుగుతారు. 2025-26 తెలంగాణ బడ్జెట్ 3,04,965 కోట్లు, అందులో విద్యకు 23,108 కోట్లు, అంటే ఏడున్నర శాతం. దేశం మొత్తం మీద జీడీపీలో 6 శాతం చదువుకు పెట్టాలని కొఠారి కమిషన్ 1966లోనే చెప్పింది, 2020 జాతీయ విద్యా విధానమూ అదే అంది. మా బడికి గత ఏడాది అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ ద్వారా పనులు జరిగాయి. పొదుపు సంఘం మహిళలే కమిటీ కాబట్టి నేను వెళ్లి అడిగాను, టాయిలెట్ గోడకు పట్టుకునే కడ్డీ బిగించారు. కమిటీలో ఉన్న అక్క "ఇదెంత పనమ్మా" అని మేస్త్రీని ఆ పూటే పిలిచింది. గోడలు, ర్యాంపులు, కడ్డీలు ఒకసారి డబ్బు పెడితే వస్తాయి. టీచర్ జీతం ప్రతి నెలా పెట్టాల్సిన డబ్బు, అందుకే దాని దగ్గరికొచ్చేసరికి చేయి వెనక్కి పోతోంది.

ఇప్పుడు వాడు నాలుగో తరగతి. నా దిగులంతా 2027 జూన్ గురించే. ఆరో తరగతికి మండల కేంద్రంలోని హైస్కూలుకు పోవాలి. అక్కడ గంటకో టీచర్ మారతారు, గోడ మీద బొమ్మలు ఎవరు అంటిస్తారు? రాష్ట్రం మొత్తానికి డీఎస్సీలో వచ్చిన స్పెషల్ స్కూల్ అసిస్టెంట్ పోస్టులు 220, మా హైస్కూలుకు ఆ పోస్టు లేదు. ఆరు నుంచి పది దాకా ఆ బడిలో చేరబోయే ప్రత్యేక అవసరాల పిల్లల పేర్లు, తరగతులు, సదరం శాతాలతో ఒక జాబితా తయారుచేశాం. చుట్టుపక్కల ఊళ్ల తల్లులం కలిసి ఇంటింటికీ తిరిగి రాసుకున్న లెక్క అది. ఒక కాపీ మండల విద్యాధికారికి, ఒకటి డీఈఓ ఆఫీసుకు ఇచ్చి రసీదు తీసుకున్నాం. 2024 సెప్టెంబరులో ప్రభుత్వం వేసిన విద్యా కమిషన్‌కు కూడా ఒకటి పోస్టు చేశాం. ఇంకా ఎవరి నుంచీ జవాబు రాలేదు. సమ్మెటివ్ పరీక్షలు అయ్యాక రసీదు జిరాక్సులు పట్టుకుని మళ్లీ జిల్లా ఆఫీసుకు పోతున్నాం. మీ మండలంలో కూడా ఇట్లాంటి జాబితా రాయాలనుకునేవాళ్లు ఉంటే, మేం వాడిన కాయితం నమూనా ఇస్తాను, అడగండి.